చౌకపాటల వెల

కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యని మనవారొక సామెత చెప్పుదురు. బేరమాడువారి మనస్సు దీనివలన చక్కగా తెలియును: కొన్న వస్తువుకంటె కొసరే ప్రియము. బియ్యమునందును బట్టలయందును ఆ కొసరు ఎవరి సొమ్మో ఒకింత యోచించిన తెలియును. పాటలయందు అట్లు కాదు. పాట చౌకగా దొరకినప్పుడు ఆ చౌకదనము ఎక్కడనుండి వచ్చినదో అలవాటులేని చెవికి తోచదు. ఆదోనిలోను ఎమ్మిగనూరులోను పాత గ్రామఫోను ప్లేట్లను, వాని తరువాత వచ్చిన ఎల్.పీ.లను, సీ.డీ. పెట్టెలను వెదకికొనుట మాకు పదునైదేండ్లుగా నున్న వ్యసనము. బడిపంతులు జీతమునకు చౌకబేరమే శరణ్యము. ఆ బేరములలో మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని చదువరులకు విన్నవింప దలచితిమి.

ఈ ప్రాంతమున పాతపాటలు దొరకుటకు చరిత్రలో కారణము కలదు. ఆదోని మొదట బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆలూరు, రాయదుర్గము తాలూకాలతోపాటు ఆంధ్రరాష్ట్రమున చేరినది. బళ్లారి యనగానే ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ జ్ఞప్తికి వత్తురు. నాటకమునందలి యభిరుచి ఆదోనికి అచ్చటినుండి సంక్రమించినది. ప్రత్తివర్తకము, మద్రాసు బొంబాయిల నడిమి రైలుమార్గము నానాభాషలవారిని ఈ యూరికి తెచ్చినవి. కావుననే ఇచ్చటి పాతసామానుల యంగడిలో నొక పెట్టె తెరచినచో హరిశ్చంద్ర నాటకపద్యముల ప్రక్కనే కన్నడ నాటకగీతములు, ఉర్దూ గజళ్లు కానవచ్చును.

గ్రామఫోను ప్లేటు లక్కలో రాతిపొడి కలిపి చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములే పాడును. అందుచేత నాటకమును ముక్కలు చేసి పెక్కు ప్లేట్ల సెట్టుగా నమ్మెడివారు. బరువైన సౌండు బాక్సు క్రింద ఉక్కుముల్లు నడచునపుడెల్ల ప్లేటు కొంత యరుగును. ఇందొక విపరీతము కలదు. యజమానుడు మెచ్చని ప్లేటు అద్దమువలె మెరయుచుండును. మిక్కిలి మెచ్చినది బూడిదరంగునకు తిరిగియుండును. చౌకసెట్టులో తరచుగా లోపించునదియు ఆ ముద్దుప్లేటే.

పరీక్షించు విధము చెప్పెదము. ప్లేటును వెలుతురునకు ఏటవాలుగా పట్టి చూడవలెను. గాడులు తెల్లబారినచో అరుగుదల యున్నదని యెరుగునది. పగులున్నచో చుట్టుకొకమారు టక్కు మనును. వినునపుడు మొదటి భాగమును విని మోసపోరాదు. లోపలి చుట్లు చిన్నవి. అచ్చట గాడి వేగము తగ్గును, బొంగురు హెచ్చును. కనుక కొసను వినవలెను. వేగమును చూడవలెను: నూటికి ఆరు వంతులు హెచ్చినచో శ్రుతి అరస్వరము పెరుగును, గొంతు కొంత సన్నబడును. ఎల్.పీ. ముల్లుతో పాతప్లేటును వాయించిన అది వెడల్పుగాడి యడుగున కూరుకొని గరగరలాడును. ఆ దోషము యంత్రముదే గాని ప్లేటుది కాదు. ఈ సంగతి తెలియక మంచిప్లేట్లను పారవేసినవారు కలరు.

1925వ సంవత్సరమునకు పూర్వపు రికార్డులు విద్యుత్తు లేక, బూర యెదుట పాడి గ్రహించినవి. వానిలో సన్ననిధ్వనులు పడలేదు. శ, ష, సలు దాదాపు వినబడవు. అయినను మనకు పద్యము కంఠస్థ మగుటచే చెవియే వానిని పూరించుకొనును. మా విద్యార్థులకు ఆ పద్యమునే వినిపింపగా, ఎరుగనివారు ఒక మాట విని యింకొక మాట వ్రాసిరి. వినుట సగము చెవితో, సగము చదువుతో జరుగునని మాకు ఆ దినమున స్పష్టమైనది.

ఇక క్రొత్తపెట్టెల సంగతి. మాకు అమెరికాలోని నల్లజాతివారు పెంచిన జాజ్ సంగీతముపై మక్కువ కలదు. ఎనిమిది పది సీ.డీ.ల జాజ్ పెట్టెలు ఒక్క సీ.డీ. వెలకే దొరకుట చూచి మొదట విస్మయమందితిమి. కారణము చట్టములో నున్నది. ఐరోపాలో రికార్డులపై హక్కు 50 ఏండ్లకు ముగిసెడిది. 2013లో దానిని 70 ఏండ్లకు పెంచిరి గాని, 1962 వరకు వెలువడినవానికి ఆ పెంపు వర్తింపలేదు. మనదేశమున ఆ హక్కు 60 ఏండ్లు. గడువు తీరిన పాటను ఎవరైన అచ్చువేయవచ్చును. ఇది లోకమునకు మేలే. కాని మాతృక యొకరివద్ద నుండును, అచ్చువేయువా డింకొకడు. మాతృక చేతలేనివాడు అరిగిన ప్లేటునుండియో, ఇతరుల సీ.డీ.నుండియో నకలు తీయును. గరగర కనబడకుండ యంత్రముతో తుడిచివేయును.

పాణినీయ శిక్షయందొక యుపమానము కలదు. ఆడుపులి తన పిల్లలను కోరలతో పట్టి తీసికొనిపోవునట్లు వర్ణములను పలుకవలెనట. జారిపడరాదు, కోరలు నాటరాదు. పాతధ్వనిని శుభ్రపరచువానికి ఇంతకు మించిన సూత్రము లేదు. గరగర కొంత మిగిలినను చెవి కొంతసేపటికి దానిని మరచును. కోర నాటినచో గాయకుని ఊపిరి, తంబురా జీరు, బాకా యంచు అన్నియు పోయి, దూది నోట క్రుక్కుకొని పాడినట్లుండును. నిశ్శబ్దమైన పెట్టెను మంచిపెట్టె యని భ్రమపడరాదు. పాట ముగిసిన వెంటనే వాద్యముల మ్రోత సహజముగ నణగునో, కత్తిరించినట్లు ఆగునో వినుడు. రహస్యమంతయు నచ్చట బయటపడును.

మరియొక లోపము చెవికి గాక కంటికి తెలియును. చౌకపెట్టెలు పెక్కింటిపై గాయకుల పేర్లు, సంవత్సరములు ఉండవు. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ పాట చివర తనపేరు తానే చెప్పుకొనినది. దక్షిణదేశమున సేలం గోదావరి మొదలగు దేవదాసీ కులపు గాయనులు తొలి రికార్డులకు ప్రాణము పోసిరి. వారిని గడపదాటి రానీయని ఇండ్లు వారి గొంతులను మాత్రము ముందుగదిలో నిలిపి మురిసినవి. ఆ గొంతును నేడు పేరు చెరపి అమ్మినచో ఆ యవమానము రెండవమారు జరిగినట్లే. పేరు, సంవత్సరము, మూలము అచ్చువేయని పెట్టెను మేము వెల యెంత తక్కువయైనను కొనము.

అమ్మువారి మాట యింకొకటి మిగిలినది. ఎమ్మిగనూరు నేతపనివారి యూరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట చేనేత సహకార సంఘము వెలసినది. నేతగాని కష్టము పరులపాలు కారాదనుటయే అట్టి సంఘముల ధర్మము. ఆ యూరిలో నొక మగ్గపు టింటివారు తాతగారి నాటకపు ప్లేట్లను అమ్మజూపిరి. పదునారు ప్లేట్లు. పాతయినుము వర్తకుడు తూకమునకు రెండువందలు కట్టెనట. "అయ్యవారూ, మాకు వీటి సంగతి తెలీదు. మీకెంత తోస్తే అంత ఈయండి" అని ఇంటి పెద్ద మాతో ననెను. ఇట్టి మాట బేరగానికి పండుగ. మేము కీ యిచ్చి ఒక్కొక్కటి వాయించి, మూడు పగిలినవని, పది మేలైనవని, మేలైనవానికి నగరములలో కొనువారు ఏమి యిత్తురో చెప్పితిమి. మిగిలిన మూడింటిలో నొకటి బూడిదవలె నుండెను. దానిని వాయింపగా లోపలినుండి ముసలామె వచ్చి నిలిచినది. "ఇది పెట్టినప్పుడల్లా మా మామ మగ్గం ఆపుతాండె" అనినది. మా శక్తికి తగినట్లు నాలుగు ప్లేట్లు తగువెలకు కొంటిమి. మిగిలిన మేలైనవానిని నిలువుగా నుంచి, ఎండ తగులనీయక కాపాడుడని చెప్పితిమి. బూడిదప్లేటునకు వెల అడుగలేదు, వారును చెప్పలేదు.

చౌక యనునది ఎన్నడును ఊరక రాదు. అది అరిగిన గాడినుండి రావచ్చును, పేరు పోయిన గాయనినుండి రావచ్చును, వెల యెరుగని ఇంటినుండి రావచ్చును. గడువు తీరిన హక్కునుండి వచ్చినది ఒక్కటే అందరి సొత్తు. కొనబోవువారు ధ్వనిని పరీక్షించుటకు ముందు ఈ చౌకదనము ఎవరి నష్టమని తమ్ము తాము ప్రశ్నించుకొందురు గాక. ఎవరికిని నష్టము లేదని తేలినచో నిశ్చింతగా కొని, ఇంటిల్లిపాదియు కూర్చుండి వినవచ్చును. గరగర యున్నను సరియే.