చేసిన రేడియో, కొన్న రేడియో

పిల్లలూ! గాలిపటం ఇంట్లో చేసుకుంటే మంచిదా, బజారులో కొంటే మంచిదా అని అడిగితే మీలో సగంమంది ఒక మాట చెబుతారు, తక్కిన సగంమంది ఇంకొక మాట చెబుతారు. కొన్న గాలిపటానికి రంగులు బాగుంటాయి. చేసిన గాలిపటం చిరిగితే అతుకు ఎక్కడ వెయ్యాలో చేసినవాడికి తెలుస్తుంది. రేడియో విషయంలో కూడా ఇదే తగాదా చాలాకాలంగా ఉన్నది. ముప్పయి ఏళ్ళకు పైగా ఈ తగాదా వింటూ వచ్చాను గనక, దాన్ని గురించి నాకు తోచింది మీకు చెబుతాను.

నేను చెప్పేది పాటలు వినే రేడియో కాదు, మాట్లాడే రేడియో. ప్రభుత్వంవారు పెట్టే పరీక్ష ప్యాసై, అనుమతి పొంది, తమ ఇంటినుంచే దూరదేశాలవారితో రేడియోలో మాట్లాడేవాళ్ళు కొందరున్నారు. వారిని హ్యాములు అంటారు. వారు దీనిమీద డబ్బు సంపాదించరాదు. నేర్చుకోవటానికీ, స్నేహం చేసుకోవటానికీ, ఆపదలో సాయపడటానికీ మాత్రమే ఆ అనుమతి. ప్రతి హ్యాముకూ ఒక పిలుపు ఉంటుంది. మన దేశపు హ్యాముల పిలుపులు చాలావరకు "వీ యూ" అనే అక్షరాలతో మొదలవుతాయి.

తొలినాటి హ్యాములు తమ యంత్రాలను తామే చేసుకున్నారు. ఎందుచేతనంటే అటువంటివి ఏ అంగడిలోనూ దొరికేవి కావు. తరవాత విదేశాలలో కంపెనీలు వాటిని చేసి అమ్మసాగాయి. కాని మన దేశంలో చేసుకునే రోజులు ఇంకా చాలాకాలం సాగాయి. విదేశపు యంత్రం తెప్పించుకుందామంటే దాని ధర, పైన కట్టే సుంకం మామూలు సంసారులకు అందేవి కావు. అందుకని పాత సామాన్ల అంగళ్ళలో వెతికి, యుద్ధకాలపు రేడియోలను విప్పి, పనికివచ్చే భాగాలు తీసుకునేవారు. నేను నేర్చుకునే రోజుల్లో, ఏ పనిమీద హైదరాబాదు వెళ్ళినా, కోఠీలో గుజరాతీ గల్లీ చూడకుండా రైలు ఎక్కేవాణ్ణి కాదు. ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు, రాగి తీగ కాగితం పొట్లాలలో కట్టించుకుని, వంకాయలూ బెండకాయలూ తెచ్చుకున్నట్టు సంచీలో తెచ్చుకునేవాణ్ణి.

ఆ హైదరాబాదులోనే 2003లో ఒక మంచి పని జరిగింది. అష్హర్ ఫర్హాన్ అనే హ్యాము, మన బజారుల్లో దొరికే భాగాలతోనే తయారుచేసుకోదగిన ఒక రేడియో నమూనాను గీసి, ఎవరైనా చేసుకోవచ్చునని అందరికీ ఇచ్చేశాడు. దాని పేరు బిట్ఎక్స్. దాని శక్తి సుమారు 6 వాట్లు. అంటే ఇంట్లో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయేటంత. రేడియోలో తీగ చుట్టటానికి చిన్న చక్రాల వంటివి కావాలి. అవి అప్పట్లో ఇక్కడ సులువుగా దొరికేవి కావు. అందుకని ఆయన కుళాయి కారకుండా లోపల వేసే వాషర్ల మీద తీగ చుట్టాడు! ఈ నమూనా చూసి ఎన్నో దేశాలవారు రేడియోలు చేసుకున్నారు.

ఈ కథ విని, "అయితే కొన్న వస్తువు ఎందుకూ పనికిరాదన్నమాట!" అని తొందరపడకండి. ఇంకొక కథ వినండి.

1961 డిసెంబరు 12వ తేదీన అమెరికాలో హ్యాములు తయారుచేసిన ఆస్కార్-1 అనే ఉపగ్రహం ఆకాశానికి వెళ్ళింది. దాని బరువు నాలుగున్నర కిలోలు. ప్రభుత్వంవారి పెద్ద ఉపగ్రహాన్ని మోసుకుపోయే రాకెట్టులో దానికి కాస్త చోటు దొరికింది. భూమి చుట్టూ తిరుగుతూ అది మోర్సు సంకేతాలలో "హాయ్" అని పలకరిస్తూ మూడు వారాలు పనిచేసింది. లోపలి వేడి ఎంత ఉన్నదో ఆ పలకరింపు వేగాన్నిబట్టి కింద ఉన్నవాళ్ళు తెలుసుకునేవారు. అది హ్యాములు స్వయంగా చేసుకున్నదే. కాని దాన్ని రాకెట్టునుంచి బయటికి తోసిన స్ప్రింగు మటుకు అంగడిలో కొన్నది. ఖరీదు 1 డాలరు 15 సెంట్లు. ఉపగ్రహం చెయ్యగలిగినవాళ్ళు స్ప్రింగు చెయ్యలేరా? అంగడిలో ఉన్నది సరిగ్గా సరిపోయినప్పుడు దానికోసం కాలం వ్యర్థం చెయ్యటం ఎందుకని వాళ్ళు అనుకుని ఉంటారు.

కనక ఏది చెయ్యాలి, ఏది కొనాలి అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు నాకు ఒక తుపాను చెప్పింది.

2014లో నేను విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా ఉండేవాణ్ణి. మా బడిలో రెండు రేడియోలుండేవి. ఒకటి ఒక దాత కొనిచ్చిన 100 వాట్ల విదేశపు యంత్రం. రెండవది మా పిల్లలు ఆరుగురు ఒక ఏడాదిపాటు కూర్చుని, బిట్ఎక్స్ నమూనాను 7 మెగాహెర్ట్జ్‌కు మార్చి చేసింది. దాన్ని బిస్కట్ల డబ్బాలో అమర్చారు. ఊళ్ళో పెద్దలు వస్తే మొదటిదాన్ని చూసి మెచ్చుకునేవారు. రెండవదాన్ని చూసి నవ్వేవారు.

అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో కరెంటు పోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. మా వసతిగృహంలో ఉండే పిల్లలలో చాలామంది తల్లిదండ్రులు హైదరాబాదులో ఇళ్ళ కట్టుబడి కూలికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళకు ఇక్కడ పిల్లలు ఎలా ఉన్నారో తెలియదు. ఇక్కడి పిల్లలు అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నారు.

మరునాడు, విరిగిన చెట్టుకే ఏరియల్ తీగ మళ్ళీ కట్టాము. అది నేలకు బాగా దగ్గరగా వేలాడుతున్నది. అటువంటప్పుడు చిన్న రేడియో గొంతు వినబడదు. లారీ బ్యాటరీ పెట్టి కొన్న యంత్రంతో పిలిచాను. హైదరాబాదు హ్యాము ఒకాయన పలికాడు. కొన్న యంత్రం లేకపోతే ఆ రోజు మా పిలుపు ఎవరికీ అందేది కాదు.

కాని ఆ యంత్రం మాట్లాడేటప్పుడు సుమారు 20 ఆంపియర్ల కరెంటు తాగుతుంది. రెండవనాటి పొద్దుటికి బ్యాటరీ అయిపోయింది. దాన్ని మళ్ళీ నింపే దారి లేదు. అప్పుడు బిస్కట్ల డబ్బా బయటికి వచ్చింది. దానికి రెండు ఆంపియర్లు చాలు. మోటారు సైకిలు బ్యాటరీ పెట్టాము. ఈలోగా పిల్లలు చెట్టెక్కి ఏరియల్‌ను ఎత్తుగా కట్టారు. తీరా మీట నొక్కితే రేడియో పలకలేదు!

ఆ రేడియోలో తీగలు చుట్టిన తొమ్మిదో తరగతి అమ్మాయి, "మాస్టారూ, ఇలా ఇవ్వండి," అని మూత తీసి, వేలితో ఒక్కొక్క అతుకే తడుముతూ వెళ్ళింది. ఒకచోట ఆగి, "ఇది ఊడిందండి. ఆ రోజే ఇది సరిగ్గా పట్టలేదు," అన్నది. టంకం పెట్టటానికి కరెంటు లేదు. వంటవాడి పొయ్యిలో ఒక రాగి కడ్డీని కాల్చి, దానితో ఆ అతుకు వేసింది. రేడియో పలికింది.

నేను మాట్లాడాను, పిల్లలు వార్తలు రాసి అందించారు. హైదరాబాదు ఆయన ఒక్కొక్క నంబరుకే ఫోను చేసి, "మీ పిల్ల క్షేమం," అని చెప్పి, వాళ్ళ జవాబు మాకు వినిపించాడు. ఒక తండ్రి అడిగినది ఒకటే మాట: "పిల్ల అన్నం తిన్నాదా?" ఆ పిల్ల నా పక్కనే నిలబడి ఉన్నది. తల ఊపింది. ఆ పూట కంచం ఖాళీ చేసింది.

కొన్న యంత్రం చెడిపోతే మేము పెద్ద ఊరికి పంపవలసిందే. చేసిన యంత్రం చెడిపోతే దాని వైద్యుడు మన బడిలోనే ఉన్నాడు. కొన్నదానికి బలం ఎక్కువ. చేసినదానికి తెలిసినవాళ్ళు ఎక్కువ. ఆ రెండు రోజుల్లో మాకు రెండూ కావలసివచ్చాయి.

చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక కూడా ఉన్నది. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడే యంత్రం సరిగ్గా అమరకపోతే 14 మీద, 21 మీద కూడా కూస్తుంది. అది ఇతరులకు బాధ. దాన్ని ఆపే వడపోత భాగం తప్పక పెట్టాలి, కొలిచి చూడాలి. అందుకని కొలిచే సాధనాలు కొనుక్కోండి. బట్టలు కుట్టేవాడు కత్తిరింపు తానే నేర్చుకుంటాడు గాని, కొలిచే టేపు మటుకు కొనుక్కుంటాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడు పాత రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోతే, "పాడుచేశావు!" అని కోప్పడకండి. కరెంటు ప్లగ్గు తీసి ఉన్నదో లేదో మాత్రం చూడండి. కొనిచ్చే శక్తి మీకుంటే, ముందు ఒక మల్టీమీటరు కొనివ్వండి.

పిల్లలూ! మొదట చెయ్యవలసింది ఏరియల్. ఇది అన్నిటికన్నా సులువు. 143ను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 7.1తో భాగించి చూడండి: సుమారు 20 మీటర్లు. దాన్ని మధ్యకు తెంపి, రెండు ముక్కలను అటూ ఇటూ చాపి, మధ్యనుంచి రేడియోకు తీగ దించాలి. కరెంటు తీగల దగ్గర మాత్రం కట్టవద్దు. ఉరుములు వచ్చే రోజున ముట్టుకోవద్దు. పెద్దవాళ్ళు లేకుండా ఎక్కవద్దు. అనుమతి వచ్చేదాకా మాట్లాడవద్దు. మా బడిలో ఖరీదైన యంత్రం, బిస్కట్ల డబ్బా రెండూ వేలాడింది పిల్లలు కట్టిన అటువంటి తీగకే.