మళ్లీ హాంకా!

వేటగాళ్ల కబుర్లకు ఓ లక్షణం ఉంది. చెప్పేకొద్దీ దుప్పి కొమ్ములు పొడుగవుతాయి, గురి దూరం పెరుగుతుంది, పేలిన తూటాల సంఖ్య మాత్రం తగ్గుతుంది. ఎల్లారెడ్డి దారిలోని ఓ పల్లెలో ముగ్గురు ముసలివాళ్లు ఒకే వేటను మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. మొదటి రెండూ ఊరంతా విన్నవే. మూడోది మాత్రం ఇన్నేళ్లలో ఎవరి చెవినా పడలేదు.

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ వరి మళ్లు, మక్క చేలు, అక్కడక్కడా చెరుకు. వాటి వెనకాల టేకు, మోదుగు, తునికి చెట్లు కలగలిసిన అడవి. చేనుకూ అడవికీ మధ్య కంచె ఏమీ లేదు. పగలు పశువులు అటు పోతాయి, రాత్రి అడవి ఇటు వస్తుంది.

ఊరి మధ్యలో పాత పెంకుటిల్లు. ఆ ఇంటి అరుగు మీద సాయంత్రం నాలుగింటికి టీ గ్లాసులతో కొలువు తీరతారు ముగ్గురూ. ఇల్లు ఒకప్పటి పటేలు కుటుంబానిది. ఇంటాయనకు డెబ్బై ఎనిమిది దాటాయి. పక్కన కూర్చునే డ్రైవర్ సాబ్ కామారెడ్డిలో ఉంటాడు. ఎనభై ఏళ్లు వచ్చినా వారానికోసారి బస్సెక్కి రాకపోతే ఆయనకు తోచదు. మూడో మనిషి మెట్టు మీద కూర్చుంటాడు. పైకి రమ్మన్నా రాడు. అలవాటు. వేటకు వెళ్లినన్నాళ్లూ ఆయన చేతిలో తుపాకీ లేదు, డప్పు ఉండేది. అది దొరకని రోజు రేకు డబ్బా. ఊళ్లో పిల్లలకు ఆయన ‘హాంకా తాత’.

హాంకా అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. అడవికి ఒక పక్కన చెట్ల మీద మంచెలు కట్టి తుపాకీల వాళ్లు కూర్చుంటారు. రెండో పక్క నుంచి పాతిక ముప్ఫై మంది వరసగా నిలబడి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, పొదల్ని కర్రలతో బాదుతూ జంతువుల్ని మంచెల వైపు తోలుకొస్తారు. పేరంతా మంచె మీది వాళ్లది. ముళ్లు, పాములు, ఎలుగుబంట్లు తోలేవాళ్లవి.

ఈ ప్రాంతానికి వేట కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు షికారు పిచ్చి. ఆయన వేట విడుదుల్లో రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాగిరెడ్డిపేట దగ్గరి పోచారం అడవులు నిజాముల వేట భూములే. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1916, 1922 మధ్య అక్కడ జలాశయం కట్టారు. నీళ్లుంటే జంతువులుంటాయి, జంతువులుంటే తుపాకులు వస్తాయి. 1952లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పులు, కణుతులు, మనుబోతులు, కొండగొర్రెలు అక్కడ చట్టం నీడలోకి వచ్చాయి. అవతలి అడవుల్లో మాత్రం ఇంకా కొన్నేళ్లు తుపాకులు పేలుతూనే ఉన్నాయి.

‘‘అప్పుడు సీజన్ ఉండె. వానలు పడ్డయంటే తుపాకి గోడకు. చలికాలం, ఎండకాలం... గంతే. పర్మిటు మీద ఎన్ని కొట్టాల్నో రాసి ఇస్తుండ్రి. పెంటిదాన్ని కొట్టొద్దు, కొమ్ముకు పొర ఉన్నదాన్ని కొట్టొద్దు’’ అంటాడు ఇంటాయన. దుప్పి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటి మీద ముఖమల్ లాంటి మెత్తని పొర ఉంటుంది. అది ఊడి, కొమ్ము గట్టిపడ్డ మగదాన్నే కొట్టాలన్నది లెక్క.

‘‘అందరు పాటించిన్రా?’’ అని అడుగుతాడు డ్రైవర్ సాబ్, నవ్వాపుకుంటూ.

ఇంటాయన జవాబు చెప్పడు. టీ తాగుతాడు.

ముగ్గురూ చెప్పుకునే వేట 1969 నాటిది. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది, బడులు, కాలేజీలు బంద్. చదువు ఆగి ఇంటికొచ్చిన పటేలు కొడుక్కి పొద్దు పోవడంలేదు. ఇప్పపూలు రాలే కాలం. తెల్లారేసరికి చెట్టు కింద తెల్లగా పరుచుకునే ఆ పూల కోసం దుప్పులు గుంపులుగా వస్తాయి. కామారెడ్డి నుంచి జీపు వచ్చింది. దాన్ని నడిపింది సాబే.

మొదటి కథ ఇంటాయనది. ఇప్పచెట్టు మీద మంచె. చేతిలో జోడు నాళాల తుపాకీ. అవతల డప్పులు మొదలయ్యాయి. ముందు నెమళ్లు లేచాయి. తర్వాత కొండముచ్చు అరిచింది. కొండముచ్చు పైనుంచి చూస్తుంది, దుప్పి కింద నుంచి వాసన పడుతుంది. ఆ రెండూ కలిసి కాపలా కాస్తే పులికైనా కష్టమే. అంతలో పొదల్లోంచి పెద్ద మగ దుప్పి. ‘‘ఎనభై గజాలు. ఒక్కటే తూటా. అక్కడికక్కడ పడ్డది.’’

రెండో కథ డ్రైవర్ సాబ్‌ది. ‘‘అరె పటేల్ సాబ్, ఎల్జీ తూటా ఎనభై గజాలు ఏం జేస్తది? నలభై దాటితే గుండ్లు అటొకటి ఇటొకటి పోతయి. రెండు సార్లు పేలింది. నేను జీపు కాడ నుంచి విన్న. మొదటిది పాయె. రెండోదానికి తగిలింది, అది కూడ కడుపుల. నెత్తుటి జాడ పట్టుకొని పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక నడిచినం.’’

ఏటా ఇక్కడిదాకా వచ్చి నవ్వులతో ఆగిపోయే కథ ఈసారి ఆగలేదు. మెట్టు మీది మనిషి గ్లాసు కింద పెట్టాడు.

‘‘మొదటిది యాడికి పోయిందో నేను జెప్త పటేలా. నా డబ్బాకు తగిలింది.’’

హాంకాలో మొట్టమొదటి కట్టడి ఒకటుంది. జంతువు మంచె దాటి వెనక్కి పోయాకే కాల్చాలి. ఎదురుగా వస్తున్నప్పుడు కాల్చకూడదు. దాని వెనకే మనుషులు నడిచి వస్తుంటారు. ఆ రోజు మంచె మీది కుర్రాడు ఆగలేకపోయాడు. పెద్ద తూటాలోని సీసపు గుండ్లు చెదిరాయి. దుప్పికి ఒక్కటీ తగల్లేదు. ఒకటి మాత్రం పదహారేళ్ల పిల్లాడి చేతిలోని రేకు డబ్బాలోంచి దూసుకుపోయింది. వాడు కింద పడి, లేచి, మళ్లీ డబ్బా కొట్టాడు. కొట్టకపోతే వరసలో ఖాళీ వస్తుంది. జంతువు అటునుంచి తప్పించుకుంటుంది. కూలీ పోతుంది.

‘‘ఇన్నేండ్లాయె. ఎందుకు చెప్పలె?’’ అన్నాడు ఇంటాయన చాలాసేపటికి.

‘‘ఎవరికి జెప్పాలె? అప్పుడు జెప్తె మా నాయిన నన్నే కొడ్తుండె. తర్వాత మీరు మంచిగనే చూసిన్రు... ఇంకేం జెప్తం. ఆ దినం నా పాలుకు మెడకాయ మాంసం వచ్చింది. మా అమ్మ సంబురపడ్డది.’’

గోడకు ఓ పెద్ద మేకు ఉంది. ఒకప్పుడు ఆ దుప్పి కొమ్ములు దానికే వేలాడేవి. చాలా ఏళ్ల కిందటే వాటిని అటవీ శాఖకు అప్పగించేశారు. ఇప్పుడా మేకుకు ఇంటాయన చొక్కా తగిలించి ఉంటుంది. ఆయన కాసేపు అటే చూస్తూ కూర్చున్నాడు.

వేట ఒక్కరోజులో ఆగిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, కొన్ని జంతువుల్ని లైసెన్సు మీద వేటాడే వెసులుబాటు కాగితాల్లో ఉండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. అప్పట్నుంచీ మన దేశంలో జింకల వేటకు ‘సీజన్’ అన్న మాటే లేదు. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకల్ని చంపిన కేసులో హీరో సల్మాన్‌ఖాన్‌కు 2018లో కింది కోర్టు అయిదేళ్ల జైలు శిక్ష వేసినప్పుడు ఈ అరుగు మీద పెద్ద చర్చే జరిగింది. ‘‘మన కాలంల అయితే ఫొటో దిగి పేపర్ల వేస్తుండ్రి’’ అని సాబ్ తేల్చేశాడు. అదీ నిజమే. 2014లో తెలంగాణ ప్రభుత్వం జింకను రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది. వీళ్లు కొట్టిన చుక్కల దుప్పికి ఇప్పుడు రాజముద్ర ఉన్నట్టే.

ఇంటాయన మనవరాలు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ ఏటా నవంబరు 15 నుంచి 30 వరకు తుపాకీతో జింకల వేటకు సీజన్. మొదటి రోజు కొన్ని ఊళ్లలో బడులకు సెలవు కూడా ఇస్తారట. నారింజరంగు చొక్కా వేసుకోవాలి. తోటి వేటగాడి తూటా తగలకుండా! కొట్టిన ప్రతి జింకకూ చీటీ కట్టాలి. మనవరాలు ఇవన్నీ వీడియో కాల్‌లో చెబుతుంటే తాత అడిగిన ప్రశ్న ఒక్కటే.

‘‘అక్కడ పులి లేదా?’’

లేదు. జింకను వేటాడే తోడేళ్లు కూడా ఉత్తరాన ఓ మూలకే మిగిలాయి. అందుకే జింకలు విపరీతం. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఏటా 50 వేలకు పైగా వాహనాలు వాటిని గుద్దుతున్నాయి. తినే జంతువు లేకపోతే మనిషి ఆ పని చేయాల్సి వస్తోంది. ‘‘మరి మనం పులినీ కొట్టినం, దుప్పినీ కొట్టినం. గదీ తేడా’’ అన్నాడాయన. వేటగాడి నోట ఇలాంటి మాట రావడం అరుదు. హాంకా తాతకు మాత్రం ఇంకోటి నచ్చింది, ఆ నారింజ చొక్కా. ‘‘మాకు గసొంటిది ఇస్తె బాగుండు గదా’’ అన్నాడు.

చీకటి పడుతుండగా బైకు ఆగిన చప్పుడు. హాంకా తాత మనవడు. ఇంటాయన భూమిలో మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడు. మొత్తం మక్క వేశాడు. కంకి పాలు పోసుకునే దశ. అడవి పందులకు అంతకు మించిన విందు ఉండదు. పోయినేడు ఒక్క రాత్రిలో అరెకరం పండబెట్టాయి. సోయా మొలకల్ని దుప్పులు కొరికేశాయి. కౌలు డబ్బు మాత్రం ఏమీ తగ్గలేదు, ఇది రాసుకోవాల్సిన సంగతే. బైకు వెనక ఇనుప తీగ చుట్ట కట్టి ఉంది.

‘‘ఏందిరా అది?’’

‘‘తీగ తాతా.’’

‘‘కనబడ్తుంది. ఎందుకు?’’

పిల్లాడు మాట్లాడలేదు. ఎందుకో ముగ్గురికీ తెలుసు. పొలం చుట్టూ మోకాలెత్తున తీగ కట్టి, స్తంభం నుంచి దొంగ కరెంటు ఇస్తారు. ఆ తీగ తగిలి పందులే కాదు, దుప్పులు, చిరుతలు, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి బయల్దేరిన పక్క చేని రైతులు చచ్చిపోయిన వార్తలు తెలంగాణ పత్రికల్లో కొత్తేమీ కాదు. అడవి పందుల విషయంలో షరతుల మీద కాల్చేందుకు అనుమతి తెచ్చుకునే దారి ఒకటుంది. చంపకుండా షాకిచ్చి తరిమే సోలార్ ఝటకా మిషన్లూ ఉన్నాయి. మొదటిదానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, రెండోదానికి డబ్బు కావాలి. తీగ చవక. తప్పెక్కడుందో వెతికేవాళ్లు ఈ లెక్క కూడా చూడాలి.

‘‘పటేలు తుపాకికన్న రెండు కండ్లుండె’’ అన్నాడు హాంకా తాత నెమ్మదిగా. ‘‘ఆ కండ్లున్న తుపాకే నా డబ్బాను కొట్టింది. ఇగ దీనికి ఏముందిరా?’’

‘‘మరి పంట ఎట్ల తాతా? నువ్వు కావలి ఉంటవా?’’ పిల్లాడి గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

‘‘ఉంట.’’

మూడో రోజుకల్లా చేను మధ్యలో మంచె లేచింది. నాలుగు గుంజలు, పైన తాటాకులు, ఎక్కడానికి నిచ్చెన. కర్ర ఇంటాయన దొడ్డిలోది. ఎక్కడమంటే ముసలాయనకు మోకాళ్ల నొప్పి, మనవడు కింద నుంచి పట్టుకోవాలి. పైకి చేరాక మాత్రం ఆయన వేరే మనిషి. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతుందో చూసుకుంటాడు. తన వాసన అడవి వైపే వెళ్లాలి. వేటకు దీనికి ఉల్టా ఉండాలి. చేతి పక్కన ఖాళీ నూనె డబ్బా, రెండు కర్రలు, టార్చిలైటు.

రాత్రి పదకొండు దాటాక అడవి అంచున అలికిడి. టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరిసే కళ్లు... ఏడు, ఎనిమిది జతలు. దుప్పులే. తాత డబ్బా అందుకుంటాడు. యాభై ఆరేళ్ల కిందట ఏ దరువుతో మంచెల వైపు తోలాడో, అదే దరువు. ‘‘హో... హో... అటు! అటు పోవాలె!’’ కళ్లు ఒక్కటొక్కటిగా ఆరిపోతాయి. కాసేపటికి పందులొస్తాయి. అవి అంత తేలిగ్గా పోవు. కేకలు, దరువు, మధ్యమధ్యలో బూతులు. తెల్లారేసరికి గొంతు బొంగురుపోతుంది.

తీగ చుట్ట మాత్రం కొట్టంలోనే ఉంది. మనవడు దాన్ని పారేయలేదు, తిరిగి అమ్మలేదు. మక్క కోతకు ఇంకా నెల పైనే ఉంది. తాత దగ్గుతున్నప్పుడల్లా వాడి చూపు కొట్టం వైపు పోతుంది.

వారం తర్వాత ఓ రాత్రి, వాన తుంపర మధ్య, గట్టు మీద ఇంకో టార్చి కదిలింది. చేతికర్ర ఊనుకుంటూ, చంకలో ఫ్లాస్కుతో ఇంటాయన. నిచ్చెన ఎక్కే ఓపిక ఆయనకూ లేదు.

‘‘ఎవలది?’’ మంచె మీంచి కేక.

‘‘నేనే ఓయ్... చాయ తెచ్చిన.’’

‘‘జర ఆగు పటేలా’’ అన్నాడు పైవాడు, డబ్బా పక్కకు పెడుతూ. ‘‘జంతువు దాటినంక రా.’’