మా నందికొట్కూరు అరుగు మీంచి పోటీ బల్ల దాకా

కర్నూలులో ఆత్మకూరు బస్సెక్కితే సుమారు 30 కిలోమీటర్లకు మా ఊరొస్తుంది. శ్రీశైలం మల్లన్న దగ్గరికి పోయే యాత్రికులకు నందికొట్కూరంటే టీ తాగడానికి బస్సు ఆగే ఊరు, అంతే. దిగి చూసేవాళ్ళు తక్కువ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మమ్మల్ని నంద్యాల జిల్లాలో కలిపారు గానీ, పెళ్ళి చీర కొనాలన్నా, పంటి డాక్టరు దగ్గరికి పోవాలన్నా మాకు ఇప్పటికీ కర్నూలే. ఊళ్ళో సూర్యనారాయణస్వామి గుడి ఉంది. సూర్యుడికి గుడంటే అరసవిల్లి ఒక్కటే అనుకునేవాళ్ళు ఓసారి వచ్చి చూడాలి. ఇంకాస్త అవతలికి పోతే కృష్ణ ఒడ్డున సంగమేశ్వరం. శ్రీశైలం డ్యాములో నీళ్ళు నిండితే గుడి మునిగిపోతుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే మళ్ళీ బయటపడుతుంది. ఆత్మకూరు దాటారా, నల్లమల. నిజం పులులు తిరిగే అడవి.

పులి అన్నాను కదా, నేను చెప్పబోయేదీ పులితోనే మొదలు.

మా వైపు పాత ఇళ్ళలో నేలంతా బేతంచెర్ల బండలే. నున్నగా, చల్లగా ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం మగవాళ్ళు రచ్చబండ దగ్గరికి పోయాక మా అవ్వ ఆ బండ మీద సుద్దముక్కతో పులి-మేక గీసేది. కొండలాగా ఒక త్రికోణం, దానికి అడ్డంగా ఒక పెట్టె. గీతలు కలిసే చోట్లు 23. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. మేకల్ని ఒక్కొక్కటే దింపాలి. పులి పక్కనున్న మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడిందంటే ఆ మేక పోయినట్టే. మేకలు ఏం చెయ్యాలి? ఒకదాన్నొకటి కాసుకుంటూ పులులకు కదలడానికి చోటు లేకుండా చెయ్యాలి. పులిని కట్టేస్తే మేకలు గెలిచినట్టు. మా అవ్వ ఎప్పుడూ మేకలే తీసుకునేది. "పులితో ఎవురైనా ఆడతారు మే, మేకలతో ఆడు సూద్దాం" అనేది. అక్షరం ముక్క రాని మనిషి, మమ్మల్నందరినీ కట్టేసేది. ఇవే గీతలు దక్షిణదేశంలో చాలా గుడి మండపాల బండల మీద చెక్కి కనిపిస్తాయి. హంపీకి పోయినవాళ్ళు చూసే ఉంటారు.

చదరంగం మాత్రం మా నాయన నేర్పాడు. రథ గజ తురగ పదాతులు నాలుగూ కలిస్తే చతురంగబలం అని ముందు పాఠం చెప్పి, తరువాతే బంటుని ముట్టుకోనిచ్చాడు. మా ఇంట్లో శకటు అనే మాట లేదు, ఒంటె అనేవాళ్ళం. ఆ ఆట పాత పద్ధతి ఆట. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకదు. ఒక్క గడే. రాజుకు కోట కట్టడం లేదు, దానికి బదులు ఆటలో ఒకసారి గుర్రంలాగా గెంతవచ్చు. ఇది మా ఇంటి వింత కాదు లెండి, దేశమంతా ఒకప్పుడు ఇంచుమించు ఇలాగే ఆడేవాళ్ళు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఇలాంటి దేశవాళీ ఆటతోనే పెరిగి, ఆనక ఇంగ్లండు వెళ్ళి, కొత్త నిబంధనలు నేర్చుకుని 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. అదే 1933లో మహిళల టైటిలు గెలిచింది ఎవరనుకున్నారు? ఆయన యజమాని సర్ ఉమర్ హయత్ ఖాన్ ఇంట్లోనే పనిచేసే ఫాతిమా అనే అమ్మాయి! సుల్తాన్ ఖాన్ గురించి పుస్తకాలు వచ్చాయి. 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు కూడా ఇచ్చింది. ఫాతిమా పేరు ఎంతమంది విన్నారు చెప్పండి?

పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు నా చదరంగం పెట్టె అటక మీదే ఉంది. హైదరాబాదులో చదివే మా అమ్మాయి ఓ రోజు ఫోనులో ఒక ప్రకటన పంపింది. రెండు రోజుల ఓపెన్ పోటీ, తొమ్మిది రౌండ్లు, వయసుతో పని లేదు, ఎవరైనా ఆడవచ్చు. "అమ్మా, నీ పేరు కట్టేశాను" అంది. ఫీజు వెయ్యి రూపాయలు. మా అత్తమ్మ నోటి మీద వేలేసుకుంది. "వెయ్యి రూపాయలు ఇచ్చి ఆడుకునేదేందమ్మా, ఊరికే ఆడుకుంటే కాదా?" అని. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. మా వదిన మాత్రం ఊరుకోలేదు. "మీ కొడుకులు పేకముక్కల మీద పెట్టినప్పుడు అడిగినారా అత్తా?" అనేసరికి ఆ చర్చ అక్కడితో సరి.

మూడు నెలలు రాత్రి అంట్లు తోముకున్నాక కూచుని కొత్త నిబంధనలు వంటబట్టించుకున్నాను. పావు ముట్టుకుంటే అదే కదపాలి. కోట కట్టేటప్పుడు ముందు రాజునే ముట్టుకోవాలి, అదీ ఒక చేత్తోనే. ఏ చేత్తో ఎత్తు వేశామో ఆ చేత్తోనే గడియారం నొక్కాలి. ఇంట్లో రెండు చేతులా పని చేసే మనకు ఈ ఒంటిచేతి నియమం అలవాటు కావడానికే పది రోజులు పట్టింది!

శుక్రవారం పొద్దున్నే ఉగ్గాని, బజ్జీలు తిని బయల్దేరాం, నేనూ మా ఆయనా. నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, ఊరుబిండి, బుడ్డల పొడి కట్టుకున్నాను. ఎండబెట్టిన సజ్జ రొట్టె నాలుగు రోజులైనా చెడదు, కడుపులో బరువూ ఉండదు. పోటీలకు పోయే పిల్లల తల్లులు ఇది గుర్తు పెట్టుకోండి. అక్కడ హాలు బయట అమ్మే నూడుల్సు తిని మూడో రౌండుకు కునుకుపాట్లు పడ్డ పిల్లల్ని కళ్ళారా చూశాను. కర్నూలులో బస్సు మారి తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అలంపురం అడ్డరోడ్డు, జడ్చర్ల, షాద్‌నగర్... మధ్యాహ్నానికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో మా వదినె చెల్లెలింట్లో ఉన్నాం.

పోటీ ఒక ఫంక్షన్ హాల్లో. పెళ్ళి భోజనాల బల్లలే వరసగా వేసి, తెల్ల గుడ్డలు పరిచి, నాలుగొందల మందికి పైగా కూచునేలా సర్దారు. బల్లకో బోర్డు, బోర్డు పక్కనే గడియారం. 2002లో ప్రపంచ కప్పు జరిగిందీ, విశ్వనాథన్ ఆనంద్ గెలిచిందీ ఈ హైదరాబాదులోనే అని తలుచుకుని లోపలికి అడుగు పెట్టాను. గోడకు అంటించిన కాగితాల దగ్గర రేషను షాపు తొక్కిసలాట. ఎవరికి ఏ బోర్డు, ఎదుట ఎవరు అని చూసుకోవాలి. నాది 187.

గుమ్మం దగ్గర కుర్చీల్లో తల్లులు బారులు తీరి ఉన్నారు. ఒళ్ళో టిఫిన్ డబ్బాలు, నీళ్ళ సీసాలు. ఒకావిడ ఎంతో ఆప్యాయంగా పక్కకి జరిగి చోటిచ్చి, "మీ బాబుది ఏ బోర్డండీ?" అని అడిగింది.

"బాబు కాదండీ, నేనే ఆడుతున్నాను" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా వైపే చూసి, "నేనూ కాలేజీలో జిల్లా దాకా ఆడానండీ" అంది మెల్లగా. అంతలో గంట కొట్టారు. లోపలికి వెళుతూ లెక్క పెట్టాను. నా వయసు ఆడవాళ్ళు ఆ హాల్లో ఆరుగురు. ఆడపిల్లలు మాత్రం బోలెడుమంది ఉన్నారు, చెప్పొద్దూ, చాలా ముచ్చటేసింది.

మొదటి రౌండులో నా ఎదుట కూచున్నది కాళ్ళు నేలకందని తొమ్మిదేళ్ళ పిల్లాడు. చెయ్యి చాపి కరచాలనం చేశాడు. పన్నెండు నిమిషాల్లో నా రాజు పడుకున్నాడు. "థాంక్యూ ఆంటీ" అని పావులన్నీ చక్కగా సర్ది మరీ వెళ్ళాడు, ఆ పెంపకానికి ముచ్చటపడ్డాను. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, జాబితాలో పై సగాన్ని కింద సగంతో మొదటి రౌండులో ఆడిస్తారు. తరువాత నుంచి పాయింట్లు సమానంగా ఉన్నవాళ్ళకు జోడీ కడతారు. దీన్ని స్విస్ పద్ధతి అంటారు. ఓడినా ఎవరినీ ఇంటికి పంపరు. అందుకే కొత్తవాళ్ళకి ఇది మేలు. రెండు ఆటలు పోయేసరికి నాకు సరిజోడు దొరకడం మొదలైంది. మూడో రౌండులో బ్యాంకు పని నుంచి రిటైరైన పెద్దాయన మీద గెలిచాను. ఆయనే లేచి నిలబడి "బాగా ఆడావమ్మా" అన్నారు. ఆ మాటకే నా వెయ్యి రూపాయలు వసూలు.

ఐదో రౌండు మాత్రం చెప్పుకోదగ్గది. ఎదుట ఇంజనీరింగు కుర్రాడు. నా పావులన్నీ ఊడ్చుకుపోయాడు. మిగిలింది నా రాజొక్కడే. అతనికేమో మంత్రి, ఏనుగు, ఇంకా ఏవేవో. చప్పున ముగించేయాలని ఎత్తు మీద ఎత్తు పెట్టి నా రాజును మూలకు నెట్టాడు. నెట్టి నెట్టి, షా చెప్పకుండానే నాకు కదలడానికి ఒక్క గడి కూడా లేకుండా చేశాడు. నేను గడియారం ఆపి చెయ్యెత్తి ఆర్బిటరును పిలిచాను. ఆయన చూసి, "డ్రా" అన్నాడు. షా లేకుండా రాజుకు దారి మూసుకుపోతే అది గెలుపు కాదు, చెరి సగం. మా అవ్వ ఆటలో పులిని కట్టేస్తే గెలుపు. ఇక్కడ కట్టుబడ్డవాళ్ళకు సగం పాయింటు. ఆ కుర్రాడు తల పట్టుకున్నాడు గానీ నేనేం చెయ్యను?

రాత్రి ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడి కొడుకు ఫోను చేస్తే ఈ సంగతి చెప్పాను. వాడూ ఇలాంటి పోటీలకే వెళతాడట, కాకపోతే వాడిది వేరే యుద్ధం. వార్‌హామర్ అట. వేలెడేసి సైనికుల బొమ్మలు కొని, అంటించి, సన్నకుంచెతో కళ్ళూ కవచాలూ రంగులద్ది, పెద్ద బల్ల మీద మొహరిస్తారు. టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఎవరు పడ్డారో తేలుస్తారు. అక్కడి ఒక కంపెనీ 1983లో మొదలుపెట్టిన ఆట. దానికి తాతలాంటిది ఇంకోటి ఉంది. ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే ఆయన 1812లో రాజుగారి కోసం బల్ల మీద యుద్ధం తయారుచేస్తే, కొడుకు దాన్ని బాగుచేసి 1824లో సైనికాధికారుల తర్ఫీదుకు పనికొచ్చేలా చేశాడు. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సిపాయిలతో ఇంట్లో ఆడుకునే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకమే వేశాడు. మావాడు మొదటి పోటీకి ముందు నాలుగు రాత్రులు కూచుని రంగులు వేశాడట. మన కొండపల్లి బొమ్మల కళాకారులు వింటే నవ్వుకుంటారు కాబోలు!

"అత్తా, నీకు రంగులేసే పని లేదు, హాయి" అన్నాడు. నిజమే గానీ, నాకు ఇంకో పని ఉంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా తల దువ్వుకుని, మా ఆయనకు మాత్రలు గుర్తుచేసి, ఊళ్ళో మా అత్తమ్మకు ఫోను చేసి పాలు తోడు పెట్టిందో లేదో కనుక్కుని, అప్పుడు ఆరో రౌండుకు కూచోవాలి. చదరంగానికి కావలసింది తెలివి అంటారు. నన్నడిగితే, కావలసింది ఖాళీ బుర్ర. మన ఆడవాళ్ళకు దొరకనిది అదే.

దొరికించుకున్నవాళ్ళూ ఉన్నారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తండ్రి ఉద్యోగం మానుకుని ఆమెకు శిక్షణ ఇచ్చాడు. పెళ్ళయి, పాప పుట్టి, రెండేళ్ళు ఆటకు దూరంగా ఉండి మళ్ళీ వచ్చి, 2019లో మాస్కోలో ప్రపంచ రాపిడ్ టైటిలు గెలిచింది. 2024 చివర్లో న్యూయార్కులో మరోసారి గెలిచింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌లో నిండు నెలలతో ఆడింది, మన మహిళల జట్టుకు కాంస్యం వచ్చింది. 2024లో బుడాపెస్టులో జట్టు బంగారం తెచ్చినప్పుడూ హారిక ఉంది. ఇవన్నీ కృష్ణా, గుంటూరు కథలే. సీమ నుంచి, అందులోనూ మా నందికొట్కూరు లాంటి ఊళ్ళ నుంచి పిల్లలు రావాలంటే, పోటీకి తీసుకుపోయే పెద్దలే కాదు, సాయంత్రం కూచుని ఆడేందుకు పక్కింట్లో ఒకరుండాలి. మా దగ్గర కోచింగు అంటే ఇప్పటికీ కర్నూలు బస్సెక్కాల్సిందే.

తొమ్మిది రౌండ్లకు నాకు వచ్చింది మూడున్నర. బహుమతుల జోలికి పోలేదు. గుమ్మం దగ్గర కనబడ్డ ఆవిడ వాళ్ళబ్బాయి ఏడు తెచ్చాడు. కప్పు చేతిలో పెట్టుకుని ఫోటోలు దిగుతుంటే ఆవిడ నా దగ్గరికి వచ్చి నంబరు తీసుకుంది. వచ్చే పోటీకి తనూ పేరు కడుతుందట. కొడుకు నవ్వుతున్నాడు, భర్త మాత్రం ఫీజు ఎంతని అడుగుతున్నాడు.

అర్ధరాత్రి దాటాక కర్నూలులో దిగాం. అప్పుడు మా ఊరికి బస్సు లేదు. నాలుగింటి దాకా బస్టాండు బెంచీ మీద కూచుని మిగిలిన సజ్జ రొట్టె తిన్నాం. మా ఆయన ఐదో రౌండు ఆట మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో ఐదుగురు చేరుతున్నారు. వీధి చివర కిరాణా కొట్టు అమ్మాయి, ఇద్దరు బడిపిల్లలు, అంగన్‌వాడీ టీచరు, మా వదిన. మా అత్తమ్మ చదరంగం ముట్టదు గానీ పిల్లలకి పులి-మేక గీసిస్తుంది. బోర్డులు రెండే ఉన్నాయి. ఈసారి కర్నూలు పోయినప్పుడు మూడోది కొనాలి.