అనంతగిరి ఘాటీలో మా పాత వ్యాను

ఇప్పుడు చాలా గ్రామ సంఘాలలో ఒక పాత వ్యానో, జీపో ఉన్నది. పెండ్లిండ్లకు, కూటములకు, అర్ధరాత్రి ఆసుపత్రికి అదే ఆధారము. అటువంటి బండిలో పిల్లలతో కొండదారి పట్టే కుటుంబాలకు ఉపయోగపడునని మా అరకు ప్రయాణపు సంగతి వ్రాయుచున్నాము. ఇందులో మా తప్పు కూడా ఉన్నది. దానిని దాచలేదు.

గత నవంబరులో తుని ప్రాంతములోని మా ఊరి నుండి తెల్లవారకముందే బయలుదేరాము. పెద్దలము ఎనిమిదిమందిమి, పిల్లలు నలుగురు. వారిలో డెబ్బది దాటిన మా అమ్మగారు, సంఘ పెద్ద ఒకరు ఉన్నారు. బండి నడుపుచున్నది మేమే. అనకాపల్లి దాటి ఆనందపురము వైపు పోయే ఆరు వరుసల రోడ్డు ఎక్కగానే దారి నున్నగా ఉన్నది కదా అని టాప్ గేరులో 60 మీద ఉన్న బండిని 75కు తీసుకువెళ్ళబోయి యాక్సిలేటరు తొక్కాము. ఇంజను గొంతు ఒక్కసారిగా లేచింది. స్పీడు ముల్లు మాత్రము 60 దగ్గరే ఆగింది. కొంతసేపటికి గాని బండి అందుకోలేదు.

వెనుక కూర్చున్న మా చిన్నమ్మాయి, “నాన్నా, బండి అరుస్తోంది గాని పరుగెత్తడం లేదు” అన్నది. ఎదురుగాలి అమ్మా అని చెప్పాము. అది నిజము కాదని మాకు తెలుసు. సెప్టెంబరులోనే మా ఊరి మెకానిక్ క్లచ్ ప్లేటు మార్చమని చెప్పాడు. ఆ నెలలో దేవాలయపు ప్రహరీకి రంగులు వేయించాము. గోడ అందరికీ కనబడుతుంది, క్లచ్ ప్లేటు ఎవరికీ కనబడదు. అందుచేత క్రిస్మస్ అయ్యాక చూద్దామనుకున్నాము.

పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరి ఇడ్లీలు తిన్నాము. ఊరు దాటి బౌడార వచ్చేసరికి కొండలు ఎదురుగా నిలబడతాయి. విశాఖపట్నము నుండి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఈ ఘాటీ ఇప్పుడు 516ఇ జాతీయ రహదారిలో భాగము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి ఇటునుండే ప్రవేశిస్తాము.

ట్యాడ దాటాక ఎత్తు ఎక్కువైంది. రెండవ గేరులో ఇంజను గోలపెడుతున్నది, బండి మనిషి నడకకు వచ్చింది. ఘాటైన కాలిన వాసన లోపలికి కొట్టింది. ఒక మలుపులో బండి పూర్తిగా నిలిచిపోయి వెనుకకు జారబోయింది. హ్యాండు బ్రేకు లాగి కేక వేయగా మన కుర్రవాడొకడు దూకి వెనుక చక్రానికి రాయి పెట్టాడు. మా వెనుక ఒక లారీ ఆగి ఉన్నది. ప్రక్కన లోయ. అమ్మగారు ఏమీ అనలేదు గాని ఆమె చేయి మా శ్రీమతి చేతిని పట్టుకొని వణుకుచున్నది.

అందరినీ దింపి, ఖాళీ బండిని కొద్దికొద్దిగా ప్రాకించి, రోడ్డు వెడల్పుగా ఉన్న సమతలానికి చేర్చాము. ఇంతలో కాఫీ తోటల పనివారిని ఎక్కించుకొని పైకి పోతున్న జీపు ఆగింది. నడిపేవాడు ఆ కొండల గిరిజన యువకుడు. వాసన చూసి, “క్లచ్ ప్లేటు అయిపోయిందండి అయ్యగారూ” అన్నాడు.

“తమ్ముడూ, ఎలాగో అనంతగిరి వరకు ఎక్కించగలమా?” అని అడిగాము.

“ఎక్కడానికి భయమెందుకండి? ఎక్కలేకపోతే ఆగిపోద్ది. దిగినప్పుడే మనుషుల్ని తీసుకుపోద్ది” అన్నాడతడు.

ఆ మాట మాకు అప్పుడు అర్థము కాలేదు. అతడే విడమరచి చెప్పాడు. కొండ ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు చక్రాలు ఇంజనును తిప్పవలసి వస్తుంది, ఆ బరువు బండిని వెనుకకు పట్టుకుంటుంది. క్లచ్ జారితే ఆ పట్టు సడలుతుంది. భారమంతా బ్రేకుల మీద పడి, అవి కాగి, పెడలు ఎంత తొక్కినా పట్టని స్థితి వస్తుంది. కొత్తవలస నుండి కిరండూలుకు 1960వ దశకములో వేసిన రైలుమార్గము ఈ కొండలలోనే 58 సొరంగాల గుండా పోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజముతో దిగే ఆ బరువైన రైళ్ళ విద్యుత్ ఇంజనులలో కూడా మోటార్లే ఎదురు తిరిగి వేగాన్ని పట్టే ఏర్పాటు ఉంటుంది. వట్టి బ్రేకులను నమ్మి ఎవరూ కొండ దిగరు.

ఆ తమ్ముడు ఆడవారిని, పిల్లలను, పెద్దవారిని అనంతగిరిలో దింపాడు. డబ్బు ఇవ్వబోతే డీజిలు ఖర్చు మాత్రము తీసుకున్నాడు. అతడు ఫోను చేసి చెప్పగా మధ్యాహ్నానికి శృంగవరపుకోట నుండి మెకానిక్ సామాను పట్టుకొని వచ్చాడు. చెట్టు నీడలో గేరుబాక్సు దింపాడు. ప్లేటు రివిట్ల వరకు అరిగిపోయి, పైన నూనె మెరుస్తున్నది. ఇంజను వెనుక ఆయిల్ సీలు కారుతున్నదట. సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే వేస్తే మళ్ళీ ఇదే కథ అని రెండూ మార్చాడు. క్లచ్ పెడలుకు తగిన ఆట లేకపోవడము, నడిపేటప్పుడు పాదము దానిమీదనే ఉంచడము కూడా కారణాలే అన్నాడు. ఆ అలవాటు మాకున్నది. తల వంచుకున్నాము.

పని చేస్తూనే అతడు పుల్లతో మట్టిలో లెక్క వేసి చూపాడు. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి సరిగ్గా ఒక కిలోమీటరు. టైరు చుట్టుకు 2 మీటర్లు నడిస్తే చక్రము నిమిషానికి 500 చుట్లు తిరగాలి. వెనుక క్రౌను చక్రము ఒక చుట్టు తిరగడానికి ఇంజను నాలుగున్నర చుట్లు తిరగాలనుకుంటే, టాప్ గేరులో 2250 చుట్లు. “ఈ లెక్క ఎక్కడికి పోదండి. క్లచ్ పట్టి ఉన్నంతకాలము వేగముతోనే చుట్లు పెరగాలి. చుట్లు పెరిగి వేగము పెరగలేదంటే మధ్యలో జారుతున్నట్టే” అన్నాడు.

చీకటి పడకముందే అందరినీ ఎక్కించుకొని గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు చేరాము. ఆ రాత్రి సంఘ పెద్దగారి అబ్బాయి అమెరికా నుండి ఫోను చేశాడు. సంగతి విని నవ్వి, తన అనుభవము చెప్పాడు. అక్కడ ఇల్లువలె పడకలు, వంటగది ఉన్న పెద్ద బండ్లుంటాయి. అతడు చాలా పాతది ఒకటి కొన్నాడు. గంటకు 60 మైళ్ళ వేగములో దాని ఇంజను సుమారు 3000 చుట్లు తిరుగుతూ హోరెత్తించేదట. గేర్లు జారుతున్నాయని కంగారుపడి షెడ్డుకు తీసుకుపోతే, ఇదే లెక్క వేసి జబ్బేమీ లేదన్నారట. ఆ కాలపు ఆటోమేటిక్ గేరుబాక్సులలో చాలావాటికి మూడే గేర్లు, వేగములో ఇంజనుకు విశ్రాంతినిచ్చే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. ఇంజనుకు, గేర్లకు మధ్య క్లచ్ ప్లేటు బదులు నూనె ద్వారా శక్తి అందుతుంది గనుక కొద్దిపాటి జారుడు సహజమే. ఆ నూనె నల్లబడి కాలిన వాసన వచ్చినా, చదునైన దారిలో వేగము మారకుండానే చుట్లు ఎగబాకినా అది జబ్బు.

రెండు దేశాల మెకానిక్కులు చెప్పినది ఒక్కటే. శబ్దము పెద్దదైనంత మాత్రాన భయపడనక్కరలేదు. శబ్దము, వేగము విడిపోయినప్పుడే భయపడాలి. మన పాత బండ్లలో చుట్లు చూపే ముల్లు సాధారణముగా ఉండదు గనుక చెవియే ముల్లు.

మరుసటి రోజంతా లోయలో గడిపాము. పొలాలలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. గిరిజన మ్యూజియము, పద్మాపురము తోట చూశాము. మూడవ రోజు ఉదయము దిగుదల. రెండవ గేరు వేసి, క్లచ్ మీద పాదము పెట్టకుండా, మలుపుల దగ్గర మాత్రమే బ్రేకు తాకుతూ వచ్చాము. ఇంజను గుర్రుమంటూ బండిని పట్టి ఉంచింది. బౌడారలో ఆగి చక్రాల దగ్గర వాసన చూశాము. ఏమీ లేదు. అమ్మగారు, “వచ్చేశామా?” అని అడిగి కండ్లు తెరిచారు. దారి పొడవునా నిద్రపోయారట.

ప్రియ పాఠకులారా, కొండకు బయలుదేరే వారము ముందే చదునైన ఖాళీ రోడ్డుమీద మీ బండిని టాప్ గేరులో 40, 50 మధ్య నడుపుతూ ఒక్కసారి యాక్సిలేటరు గట్టిగా తొక్కి వినండి. గొంతు, వేగము కలిసి లేస్తే సరే. గొంతు ఒక్కటే లేస్తే ఇంటికి తిరిగి మెకానిక్ దగ్గరకు వెళ్ళండి. మాటిమాటికి పరీక్షించి ఉన్న ప్లేటును కాల్చుకోవద్దు. ఆ రోజు మా బండిలో పన్నెండుమంది ఉన్నారు. ఎక్కేటప్పుడే ఆగిపోవడము మాకు కలిగిన మేలు. గోడ రంగు ఒక సంవత్సరము ఆలస్యమైనా ఎవరికీ ప్రాణాపాయము లేదు.