ప్రొపెల్లర్ ఒకటా, రెండా?



మా అల్లుడుగారు అట్లాంటా దగ్గర లేక్ లేనియర్‌లో నడపడానికి మోటారు పడవ కొంటున్నారు. ఇంజిన్ ఒకటే. దానికి ఒక ప్రొపెల్లర్ చాలునా, రెండు కావాలా అని నన్ను అడిగినారు.

ఒకటైతే ధర తక్కువ, రాయి తగిలితే మార్చేది ఒకటే, తేలిక పడవకు వేగమూ ఎక్కువ. కానీ అది తిరిగే వైపును బట్టి పడవ వెనకభాగం పక్కకు లాగుతుంది, రివర్సులో ఇంకా ఎక్కువ. 1982లో వోల్వో పెంటా తెచ్చిన డుయోప్రాప్‌లో ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఒకదాని లాగుడును ఇంకొకటి సరిచేస్తుంది. బరువు ఎక్కించినా నీటిమీద పట్టు తప్పదు.

మన మేట్టుపాళయం కొండ రైలునే చూడండి. కల్లారు నుంచి కూనూరు దాకా కొన్నిచోట్ల 12 అడుగులకు 1 అడుగు ఎక్కుడు. అక్కడ ఆవిరి ఇంజిన్ మామూలు చక్రాలతోపాటు పళ్ళచక్రాన్నీ తిప్పుతుంది. కూనూరు దాటితే పళ్ళపట్టాయే లేదు. రెండో పట్టు అవసరమున్న చోటే పెట్టినారు.

అల్లుడుగారి పడవలో ఎక్కేది ఎనిమిది మంది, అందులో ఇద్దరు పసిపిల్లలు. గట్టు చేరేటప్పుడు పడవ చెప్పినమాట వినాలి. అందుకే రెండు పెట్టించమన్నాను. ఇంకొకటీ చెప్పినాను: పిల్లలు నీళ్ళలో దిగితే ఇంజిన్ ఆపి, తాళంచెవి చేతిలో పెట్టుకోండి. ఒకటైనా రెండైనా అది కత్తే.