కరెంటు పోయినప్పుడు పట్టి ఉంచేది

నేను మిల్లింగ్ మిషన్లు బాగుచేస్తాను. మిషనులో బరువైన తలను సర్వో మోటారు పైకీ కిందికీ నడుపుతుంది. మిషను ఆపితే ఆ తల జారకుండా పట్టుకొనేది మోటారు బ్రేకు. కరెంటు ఉంటే విడుతుంది. పోతే స్ప్రింగుల బలంతో బిగుస్తుంది.

ఒక మిషనులో ఆపిన ప్రతిసారీ తల కొద్దిగా దిగసాగింది. కింద చేయి పెట్టినవాని గతి ఏమిటి? ముందు తల కింద గట్టి దిమ్మె ఆనించాను. ఆపగానే బ్రేకు తీగలో 24 వోల్టులు పూర్తిగా పోతున్నాయి. లోపం అక్కడ లేదు. మెయిన్ స్విచ్ తీసి మోటారు విప్పితే బ్రేకు పళ్లెంపై నూనె! సీలు అరిగి చుక్కచుక్కగా చేరింది. నూనె పీల్చిన పళ్లెం తుడిచినా నమ్మదగదు. బ్రేకూ సీలూ కొత్తవి వేశాము.

మిషను నడిచినంతసేపు ఈ లోపం కనబడలేదు. బరువంతా మోటారే మోసింది. మన విశ్వాసమూ అంతే. పంట ఇంటికి వచ్చిన ఏడు దాని పట్టు తెలియదు. పంట పోయిన ఏడు తెలుస్తుంది. అన్నదమ్ముల మధ్య చిన్న చిన్న కోపాలు నూనెచుక్కల్లాగే చేరుతాయి. పైపైన తుడిస్తే చాలదు. కుటుంబ ప్రార్థనలో వాటిని ఒప్పుకొని, క్రొత్త హృదయం కొరకు ప్రభువును వేడుకొందము.