వృత్రుడంటే మబ్బట!

నాయనమ్మ చెప్పిన వృత్రాసురుడి కథ నాకు కంఠతా వచ్చు. త్వష్ట కొడుకు, దధీచి ఎముకలతో చేసిన వజ్రాయుధం, ఇంద్రుడి గెలుపు. కథ కంచికి, మనం ఇంటికి. ఇన్నేళ్లూ అంతే అనుకున్నాను. పోయిన వారం, వేదాల్లోని మాటలకు అర్థం చెప్పే యాస్కుడి నిరుక్తం మొదటిసారి నా చేతికొచ్చింది. రెండో అధ్యాయంలో ఒకచోట ఆగిపోయినదాన్ని ఆ రాత్రి ఇక ముందుకు కదల్లేదు.

ఇంతకీ వృత్రుడు ఎవరని అడుగుతాడు యాస్కుడు. మాటల పుట్టుక వెతికే నైరుక్తులు మబ్బు అంటారట. పాత కథలు చెప్పే ఐతిహాసికులు త్వష్ట కొడుకైన అసురుడంటారట. రెండు జవాబులూ పక్కపక్కనే పెట్టాడు! నీళ్లూ వెలుగూ కలిస్తే వాన పుడుతుందని, దాన్నే పోలికగా యుద్ధమని వర్ణించారని కూడా చెప్పాడు. క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందు! పురాణానికి లోపలి అర్థం వెతకడం ఈమధ్య చదువుకున్నవాళ్లకు పుట్టిన ఆలోచన అనుకునేదాన్ని. కాదు, మనవాళ్లు ఎప్పుడో ఆ పనిలో ఉన్నారు.

వృత్ర శబ్దానికి యాస్కుడు చెప్పిన వ్యుత్పత్తుల్లో ఒకటి కప్పివేయడం. మనం రోజూ వాడే 'ఆవరించు'లో ఉన్నదీ ఆ ధాతువే. జూన్ నెలలో ఆకాశమంతా కమ్ముకుని, ఉక్కపోస్తూ, ఒక్క చుక్క రాల్చని మబ్బును తలుచుకోండి. విత్తనాలు సిద్ధం చేసుకుని పైకి చూసే రైతుకు ఆ మబ్బు రాక్షసుడు కాక మరేమిటి? ఋగ్వేదం మొదటి మండలంలో 32వ సూక్తం తీశాను. వృత్రుడు చచ్చాక నీళ్లు అరుస్తూ పరుగెత్తే ఆవుల్లా సముద్రానికి వెళ్లాయట. ఎంత బాగుందో!

అయితే మబ్బు అర్థంతో కథ తేలిపోలేదు. అదే సూక్తం చివర్లో, గెలిచిన ఇంద్రుడు బెదిరిన డేగలా తొంభై తొమ్మిది నదులు దాటి పారిపోతాడు. మబ్బును చీల్చినవాడికి భయమెందుకు? ఆ ఒక్క చరణం ఎన్నిసార్లు చదివానో. అక్కడ వాన కథ ఆగి, చంపినవాడి మనసు కథ మొదలైంది.

ఆ భయాన్నే పట్టుకుని భాగవతం ఆరో స్కంధంలోకి వెళ్లాను. తెలుగు భాగవతంలో ఆ స్కంధం పోతన రాసింది కాదు, ఏర్చూరి సింగనది. అక్కడ వృత్రుడు పూర్వజన్మలో చిత్రకేతువు, పరమభక్తుడు. చేయి తెగినా తొణకడు. ఇంద్రుడి చేతిలోంచి వజ్రం జారిపోతే, విచారించే వేళ కాదు, తీసుకుని కొట్టమని శత్రువుకే ధైర్యం చెబుతాడు. దేవుడి గుండెలో దడ, రాక్షసుడి గుండెలో నిబ్బరం. కథ అదే, పేర్లూ అవే. కానీ కప్పివేసినది ఇప్పుడు ఆకాశంలో లేదు. రాక్షసుడి ఒంటికింద భక్తుడే కప్పబడి ఉన్నాడు. ఇలా అనడం సంప్రదాయమో కాదో, నాకు మాత్రం అలాగే తోచింది.

అదే స్కంధంలో, వృత్రుడి కంటే ముందు త్వష్ట కొడుకు విశ్వరూపుణ్ణి చంపినందుకు ఇంద్రుడికి పట్టిన బ్రహ్మహత్యా పాతకాన్ని నేల, చెట్లు, నీళ్లు, స్త్రీలు పంచుకున్నారట. నేలకు చవుడు, చెట్టుకు బంక, నీటికి నురగ. పొద్దున మా వీధి చివర తుమ్మచెట్టు మొద్దు మీద తేనెరంగులో ఉబ్బిన బంకను వేలితో తాకి చూశాను. నాలుగో వాటాగా ఆడవాళ్ల నెలసరిని చెప్పడం నాకు మింగుడు పడలేదు, పడదు కూడా. అదీ కథలో ఒక పొరే. చెప్పినవాళ్ల కాలం, వాళ్ల జంకు అందులో కనిపిస్తాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. వృత్రుడి పుట్టుకే ఒక స్వరం తప్పు! కొడుకు ఇంద్రుణ్ణి చంపాలని త్వష్ట హోమం చేస్తూ 'ఇంద్రశత్రు' అన్నాడు. ఎత్తి పలికే ఉదాత్త స్వరం చివరి అక్షరం మీద పడితే ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదటి అక్షరం మీద పడితే ఇంద్రుడి చేత చచ్చేవాడు. మొదటిదాని మీద పడింది. ఒకే మాటలో రెండు గతులు!

నిన్న రాత్రి నిరుక్తం పన్నెండో అధ్యాయం తెరిచాను. అశ్వినులు ఎవరని అడుగుతున్నాడు యాస్కుడు. ఆకాశమూ భూమీ అని కొందరు, పగలూ రాత్రీ అని కొందరు, సూర్యచంద్రులని కొందరు, పుణ్యాత్ములైన ఇద్దరు రాజులని ఐతిహాసికులు. ఈసారి నాలుగు!